పన్నెండు డబ్బాల జెరేనియం

పూలకొట్లో ఆమెను కత్తెరమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది కొట్టు యజమాని. ఇరవై రెండేళ్ళ కిందట పనిలో చేరిన రోజున ఆమె సొంత కత్తెర సంచిలో వేసుకుని వచ్చింది. కొట్లో కత్తెర చేతికిస్తే అంచు మొద్దుబారిందని పక్కన పెట్టేసింది. కాలు పెట్టిన గంటలోనే కొట్టు కత్తెరకి వంక పెట్టిన మనిషికి ఇంకేం పేరు వస్తుంది. అప్పటినుంచి ఆ వీధిలో ఎవరికీ ఆమె అసలు పేరుతో పని పడలేదు.

కొట్టు ఓ పెద్ద ఆసుపత్రికి ఎదురుగా ఉంది కాబట్టి బేరానికి కొదవలేదు. పుట్టినవాళ్ళకీ పూలే, పోయినవాళ్ళకీ పూలే, ఈ రెండింటికీ మధ్య మంచం మీద ఉన్నవాళ్ళకీ పూలే. కాడలు కోయడం, కింది ఆకులు దూయడం, గుత్తి కట్టడం కత్తెరమ్మ పని. ఆ పనికి ఒకటే సూత్రం. కోసిన కాడ నీళ్ళు లేకుండా ఒక్క నిమిషం ఉండకూడదు. ఏటవాలుగా కోయాలి, కోసిన చెయ్యి అలాగే బకెట్లోకి పోవాలి. కాడ కోసి బల్ల మీద పడేసి కబుర్లలో పడ్డ పిల్లలు ఆమె చేత తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. "నిన్ను కూడా పొద్దుటినుంచి గుక్కెడు నీళ్ళివ్వకుండా కూర్చోబెడితే తెలుస్తుంది" అనేది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. పోయింది వేసవి చివర్లో. ఆఖరి స్టాపులో బండి ఆపి, బ్రేకు వేసి, తలుపులు తెరిచి, అందరూ దిగాక స్టీరింగు మీద తల ఆన్చాడు. మళ్ళీ ఎత్తలేదు. "ఒక్కరికి గీత కూడా పడలేదమ్మా, అంత బాధ్యత గల మనిషి" అని డిపో వాళ్ళు వరసగా వచ్చి చెప్పారు. అందరికీ ఆమె తలూపింది. అంత్యక్రియలకి పూలు తనే కట్టింది, యజమాని వద్దంటున్నా వినకుండా. కాడలు కోసింది, ఆకులు దూసింది, తెల్లవి అంచుకీ రంగువి లోపలికీ పేర్చింది. ఓ కాడ వంకరగా ఉంటే తీసి మార్చింది. బాగానే కుదిరిందనుకుంది.

కన్నీరు రాలేదు. మొదట్లో జనం ఎంత గుండె ధైర్యమో అని మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి ఆ జనమే అదోలా చూడటం మొదలుపెట్టారు. కింది వాటాలో ఉండే పెద్దావిడ మెట్ల మీద ఆపి, "ఏడువు తల్లీ, ఏడిస్తే బరువు దిగుతుంది" అంది. కత్తెరమ్మ పెద్దల మాట తీసేసే మనిషి కాదు. ఆ సాయంత్రం నాలుగు ఉల్లిపాయలు ముందేసుకుని సన్నగా తరిగింది. కళ్ళు కారాయి, ముక్కు కారింది. కూర బాగా వచ్చింది. లోపల మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో, ఆమెకు ఒళ్ళంతా అలా ఉండేది. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే చెయ్యి పడ్డట్టు తెలిసేది, ఆ భుజం తనదని తెలిసేది కాదు. కొట్లో అందరూ ఆమెతో మెత్తగా మాట్లాడేవారు. గుత్తి తప్పు కట్టినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. యజమాని ఆమెను పోయినవాళ్ళ పూల బల్ల దగ్గర్నుంచి తీసి పుట్టినవాళ్ళ పూల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మంచి ఉద్దేశమే. ఆమెకు రెండు బల్లలూ ఒకే ఎత్తులో కనిపించాయి.

ఇంట్లో ఆయన వస్తువులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వాటిల్లో ప్రాణమున్నవి బాల్కనీలో ఉన్న పన్నెండు డబ్బాలే. డిపోలో ఖాళీ అయిన పెయింటు డబ్బాలవి. ఒక్కొక్కదాని అడుగున అయిదేసి కన్నాలు పొడిచి, బస్సులకు వేయగా మిగిలిన పసుపు రంగు పూసి, మట్టి నింపి జెరేనియం వేశాడు డ్రైవరు. గుండ్రటి ఆకు, నలిపితే ఘాటైన వాసన, పొడుగాటి కాడ చివర గుత్తిగా పువ్వులు. వాటిది బాగా పండిన ఎర్ర జామకాయ లోపలి రంగు. వసంతంలో మొదలుపెట్టిందంటే చలి ముదిరేదాకా పూస్తూనే ఉంటుంది, ఆదివారం సెలవు కూడా తీసుకోదు. కానీ ఒట్టి సుకుమారం. ఒక్క రాత్రి గట్టిగా మంచు కురిస్తే చాలు, పొద్దునకి ఉండదు. అందుకని ఏటా చలికి ముందే కొమ్మలు కోసి, చిన్న చిన్న గిన్నెల్లో నాటి, చలికాలమంతా కిటికీ లోపల పెంచి, వసంతంలో మళ్ళీ డబ్బాల్లోకి మార్చేవాడు. అది ఆయన తల్లి పెంచిన మొక్క. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళు. చెట్టు ఎన్నిసార్లు చచ్చినా, కొమ్మ నుంచి కొమ్మగా ఆ మొక్కే ఇంతదాకా నడిచి వచ్చింది.

రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక డ్రైవరు ఆ మొక్కల గురించి చెప్పేవాడు. ఏ డబ్బాలో ఎన్ని మొగ్గలు, ఏది తుంచాడు, ఏది వంగింది, ఎందుకు వంగింది. పొద్దుటినుంచీ పూలలో మునిగి తేలి వచ్చిన ఆడమనిషికి సాయంత్రం మళ్ళీ పూల కబుర్లు చెప్పడమంటే, అప్పడాలు అమ్ముకునేవాడి దగ్గరికెళ్ళి అప్పడాల గురించి ఉపన్యాసం ఇవ్వడమే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇంటి మగడి తెలివి కూడా అంతే. కత్తెరమ్మ ఎదురుగా కూర్చునే ఉండేది, మనసు మాత్రం రేపటి ఆర్డర్ల దగ్గర ఉండేది. పంతొమ్మిదేళ్ళ కాపురం అలాగే గడిచింది. పిల్లల్లేరు. ఆ ఇంట్లో మాటలన్నీ జెరేనియం మీదే ఖర్చయ్యాయంటే అబద్ధం కాదు.

ఆయన పోయిన ఆరు వారాలకి వదిన ఫోన్ చేసింది. డ్రైవరుకి తోడబుట్టిన అక్క. ముప్ఫై ఏళ్ళు కోర్టులో స్టెనోగా పనిచేసి ఈమధ్యే దిగిపోయింది. జడ్జీలు చెప్పింది చెప్పినట్టు రాసీ రాసీ, ఎవరైనా ఓ మాటంటే అక్షరం పొల్లుపోకుండా ఆవిడ దగ్గర ఉండిపోతుంది. చుట్టాలందరికీ ఆవిడంటే భయం ఇందుకే. తమ్ముడు ప్రతి ఆదివారం ఆవిడకి ఫోన్ చేసేవాడు. ఇప్పుడు ఆదివారం ఆవిడే మరదలికి చేస్తోంది.

"చలి వచ్చేస్తోంది. కొమ్మలు కోశావా?"

"ఈ వారం కోస్తాను వదినా."

"అమ్మ మొక్కమ్మా. ముప్ఫై ఏళ్ళలో ఒక్క చలికి పోనివ్వలేదు వాడు. నా పెళ్ళప్పుడు అమ్మ ఓ కుండీ ఇస్తానంటే, మా ఇంట్లో ఎండ లేదు, వద్దన్నాను. ఇప్పుడు మారిన ఇంట్లో ఎండ పడే కిటికీ ఉంది. వసంతంలో వస్తాను, ఒక్క మొక్క ఇవ్వు. వాడి వస్తువుల్లో ఇంకేమీ అడగను."

"అలాగే వదినా."

"ఎలా కొయ్యాలో నేను చెప్పక్కర్లేదు కదా. నీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే."

ఇక్కడ కత్తెరమ్మ, 'లేదు వదినా, చెప్పండి' అని ఒక్క మాట అనుంటే కథ ఇక్కడే అయిపోయేది. కాడ కోయడం గురించి ఇరవై రెండేళ్ళ కత్తెరమ్మ ఇంకొకరిని అడగడమా. అడగలేదు.

కానీ ఆ పనిని ఆమె తేలిగ్గా తీసుకోలేదని మాత్రం చెప్పుకోవాలి. ఏడవడం ఎలాగూ చేతకాలేదు, కనీసం ఈ మొక్కనైనా నిలబెట్టి వదిన చేతిలో పెట్టాలనుకుంది. ఇన్నాళ్ళలో ఆమె గట్టిగా అనుకున్నది అదొక్కటే. ఆదివారం మధ్యాహ్నం కత్తెర కడిగి, వేడినీళ్ళలో ముంచి తీసి, బాల్కనీలో కూర్చుని ఇరవై నాలుగు కొమ్మలు కోసింది. బకెట్టు ఒళ్ళోనే పెట్టుకుంది. ఏటవాలుగా కోయడం, వెంటనే నీళ్ళలో ముంచడం. కొట్లో పూలు వాడకుండా బకెట్లో కలిపే పొడి ఉంటుంది, అది కూడా ఓ పొట్లం తెచ్చి కలిపింది. కొమ్మలు రెండు గంటలు నీళ్ళు తాగాక, జారుగా తడిపిన మట్టి గిన్నెల్లో ఒక్కొక్కటీ నాటింది. చెమ్మ పోకుండా మీద ప్లాస్టిక్ కాగితం కప్పి కిటికీ గట్టు మీద పేర్చింది. ఇరవై రెండేళ్ళలో అంత శ్రద్ధగా కోసిన కాడలు లేవు.

రెండు వారాలకి మంచు పడింది. పొద్దున లేచి బాల్కనీ తలుపు తీస్తే పన్నెండు డబ్బాల్లో మొక్కలూ ఉడికించిన ఆకుకూరలా వేలాడుతున్నాయి. పాత మొదళ్ళని లోపలికి తేవచ్చని ఆమెకు తోచనే లేదు. కొమ్మలు లోపల భద్రంగా ఉన్నాయి కదా, వీటితో పనేముందనుకుంది. డబ్బాల్లో మట్టి ఓ మూల గుమ్మరించి, వాటిని ఒకదాని మీద ఒకటి బోర్లించి గోడవారగా పెట్టి, చేతులు కడుక్కుని పనికి వెళ్ళింది.

ఆ తర్వాత నాలుగు రోజులకి కిటికీ గట్టు మీద మొదటి కొమ్మ మెత్తబడింది. ప్లాస్టిక్ తీసి చూస్తే మట్టి దగ్గర కాడ నల్లగా ఉంది. వాడిన పువ్వుకి కొట్లో ఒకటే మందు, నీళ్ళు. పోసింది. మర్నాటికి మూడు కొమ్మలు వాలాయి. ఇంకా పోసింది. పొద్దునా సాయంత్రం గిన్నె గిన్నెకీ వంగి చూసి, ఎక్కడ కాస్త తల వాలితే అక్కడ ఇన్ని నీళ్ళు పోసేది. నలుపు కింది నుంచి పైకి, వేలెడు వేలెడు చొప్పున ఎక్కింది. పట్టుకుంటే కాడ చేతిలోనే జారిపోయేది, వాసన వేసేది.

"మొక్కలెలా ఉన్నాయి?" అనేది వదిన ఆదివారం.

"బాగున్నాయి" అనేది ఆమె. పదిహేను ఉన్నప్పుడు బాగున్నాయంది. ఆరు ఉన్నప్పుడు బాగున్నాయంది. నడి చలికాలంలో ఆఖరిది కూడా ఒరిగిపోతే, దాన్ని చెత్తబుట్టలో వేసి వచ్చి ఫోనెత్తి బాగున్నాయంది. అబద్ధం చెప్పడానికి కాస్తో కూస్తో గుండె దడ ఉండాలి. ఆమెకు అదీ లేదు. వాతావరణం ఎలా ఉందంటే చెప్పినట్టే చెప్పింది. అత్తగారు పెంచి, ఆయన ముప్ఫై ఏళ్ళు మోసుకొచ్చిన మొక్క తన చేతిలో రెండు నెలల్లో అయిపోయింది. ఆ సంగతి తెలుసు. ఎందుకు అయిపోయిందో తెలియదు. తెలిసిన సంగతి కూడా ఎవరో చెప్పుకుంటుంటే పక్కన నిలబడి విన్నట్టు ఉంది.

చలి తగ్గుతుండగా కొట్టు యజమానికి చెప్పింది. చెప్పాలని చెప్పలేదు, వచ్చే ఆదివారం రోజంతా సెలవు ఎందుకని అడిగితే, వదిన మొక్క కోసం వస్తోందనీ మొక్క లేదనీ చెప్పింది. యజమాని నోట్లో నువ్వుగింజ నానదు కానీ మనసు మంచిది. మర్నాడే తోటల మార్కెట్టు నుంచి ఓ జెరేనియం తెచ్చాడు. అదే రంగు, అదే ఆకు, నాలుగు మొగ్గలు కూడా ఉన్నాయి.

"దీన్ని మీ డబ్బాలోకి మార్చు. మీ వదినకి ఇవ్వు."

"ఇది అది కాదు కదండీ."

"మొక్క మొహాన ఇంటిపేరు రాసి ఉంటుందా? ఆవిడ సంతోషంగా తీసుకెళ్తుంది, నీకు మాట దక్కుతుంది. ఎవరికి నష్టం?"

ఆలోచిస్తే ఎవరికీ నష్టం కనిపించలేదు. ఇంటికి తీసుకెళ్ళి, కంపెనీ పేరున్న చీటీ పీకేసి, పసుపు డబ్బా ఒకటి కడిగి అందులో నాటింది. కొత్తమట్టి అని తెలియకుండా పైన పాతమట్టి రెండు గుప్పిళ్ళు చల్లింది. ఇంత తెలివి ముందు ఎక్కడికి పోయిందని అడిగేవాళ్ళు లేరు.

ఆదివారం పొద్దున పదింటికి వదిన వచ్చింది. చెప్పులు విడిచి, సంచి కుర్చీలో పెట్టి, మంచినీళ్ళు కూడా అడక్కుండా కిటికీ దగ్గరికి నడిచింది. డబ్బా ముందు కాసేపు నిలబడింది. ఒక ఆకు తుంచి రెండు వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అమ్మ చేతులు ఇదే వాసన" అంది. "వాడివీ ఇంతే. ఫోన్లో మాట్లాడుతుంటే కూడా నాకు ఈ వాసన వచ్చేది."

అలాగే కుర్చీలో కూలబడి, ఆకు గుప్పిట్లో పెట్టుకుని ఏడ్చింది. కోర్టులో ముప్ఫై ఏళ్ళు ఎవరి ఏడుపులో కాగితం మీద ఎక్కించిన మనిషి, తన ఏడుపు దాచుకోవాలని చూడలేదు. భుజాలు ఎగిసిపడేలా ఏడ్చింది.

కత్తెరమ్మ టీ గ్లాసుతో పక్కన నిలబడి ఉంది. అబద్ధం ఇంత బాగా పారుతుందనుకోలేదు. ఇప్పుడైనా తప్పు చేసినట్టు అనిపిస్తుందేమోనని చూసుకుంది. అనిపించలేదు. అనిపించింది ఇంకోటి. బజారు మొక్క ఆకు పట్టుకుని ఈవిడ ఇంత ఏడవగలిగింది, అసలు మొక్క ఇరవై నాలుగు ముక్కలుగా తన చేతుల్లో కుళ్ళిపోతే తనకు ఒక్క బొట్టు రాలేదు. కత్తెరమ్మకి ఈర్ష్య కలిగింది. ఏడు నెలల్లో ఆమె లోపల కదిలిన మొదటి సంగతి అదే. చెప్పుకోవడానికి అంత గొప్పదేమీ కాదు, అయినా కదిలింది.

మధ్యాహ్నం భోంచేశారు. వదిన కబుర్లన్నీ కొత్తింటి కిటికీ గురించే. ఎండ ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, డబ్బా ఏ మూల పెడుతుంది. మూడున్నరకి డబ్బా చుట్టూ పాత దుప్పటి ముక్క చుట్టి సంచిలో నిలబెట్టింది. మొగ్గలు నలక్కుండా పైన జిప్పు వేయకుండా వదిలింది. నాలుగింటికి బస్సు. చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"పైనుంచి నిన్ను చూస్తే వాడి కళ్ళు చల్లబడతాయమ్మా" అంది. "చలికాలమంతా ఒక్కదానివే ఉండి, వాడిలాగే చూసుకున్నావు."

వాడిలాగే అన్న మాట దగ్గర కత్తెరమ్మకి నోరు ఆగలేదు.

"వదినా, అది అత్తయ్యగారి మొక్క కాదు. మార్కెట్లో కొన్నది."

వదిన సంచి వైపు చూసింది, ఆమె వైపు చూసింది. "అంటే?"

"అసలుది పోయింది. అన్నీ పోయాయి. డబ్బాల్లోవి మంచుకి పోయాయి. కొమ్మలు కుళ్ళిపోయాయి."

"ఆదివారం ఆదివారం బాగున్నాయన్నావు."

"అన్నాను."

"ఒక్కటి కూడా లేదా?"

"లేదు వదినా."

వదిన సంచి కింద పెట్టింది. మొహం ఎర్రబడింది. "ఇరవై నాలుగు కోశానని ఫోన్లో అన్నావు. ఇరవై నాలుగులో ఒక్కటి బతకలేదా? ఆ కొట్లో ఇన్నేళ్ళు పూలు కడుతున్నావా, గాడిదలు కాస్తున్నావా? అమ్మ పోయిన ఏడాది, వాడికి మొక్కంటే ఏమిటో తెలియని రోజుల్లో, వాడొక్కడే నాలుగు బతికించాడు. నీ చేతిలో ఏమైంది?"

ఎవరైనా ఆమెను ఇలా తిట్టి ఏడు నెలలైంది. దెబ్బ దెబ్బలాగే తగిలింది. కత్తెరమ్మ కదలకుండా నిలబడి, ఏం చేసిందో మొదటినుంచి చెప్పింది. కత్తెర కడగడం, ఒళ్ళో బకెట్టు, పొడి కలపడం.

"ఆగు" అంది వదిన. "కోసి నీళ్ళలో పెట్టావా?"

"వెంటనే పెట్టాను. క్షణం ఆలస్యం చెయ్యలేదు."

వదిన నెత్తి కొట్టుకుంది. "ఆరబెట్టాలి కదే. రెండు రోజులు కాగితం మీద పడేసి ఆరబెట్టాలి. కోసిన చోట ఎండి గట్టిపడితేనే వేరు వస్తుంది. తడి మీద తడి పెడితే కుళ్ళక ఏం చేస్తుంది? నాకే తెలుసే ఈ ముక్క, జన్మలో ఒక్క మొక్క నాటనిదాన్ని. నీకు వాడు చెప్పలేదా?"

"చెప్పే ఉంటారు."

"చెప్పే ఉంటారేమిటి? చెప్పాడా, లేదా?"

ఆవిడ కోర్టు మనిషి, అవునో కాదో తేల్చితే గాని వదలదు. కత్తెరమ్మ గుమ్మానికి ఆనుకుంది.

"చెప్పారు. రోజూ ఏదో ఒకటి చెప్పేవారు. నేను వినలేదు వదినా."

ఆ మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, తనతో కూడా. అన్నాక ఆగలేకపోయింది. "పంతొమ్మిదేళ్ళు చెప్పారు. ఒక్క ముక్క గుర్తు లేదు. చలికాలమంతా ఆ గిన్నెల ముందు కూర్చుని, ఏం చెప్పారా అని తలుచుకుంటే మాట రాదు. ఆయన నోరు కదులుతుండటం కనిపిస్తుంది, అంతే. అందుకేనేమో ఏడుపు కూడా రావట్లేదు. ఎదురుగా ఉన్నప్పుడు వినలేదు, పోయాక దేనికని ఏడవను?"

గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. బస్సు వెళ్ళిపోతుందని ఇద్దరికీ తెలుసు. వదిన చెప్పులు విడిచి వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. కోపం ఇంకా మొహంలో ఉంది, గొంతు మాత్రం తగ్గింది.

"వాడికి తెలుసులే" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు వినవని. ఓసారి నేనే అడిగాను. ఆ చెట్ల గోల మీ ఆవిడకి కూడా చెబుతావురా, విసుక్కోదా అని. ఏమన్నాడో చెబుతాను విను, ఒక్క మాట కల్పించను." వదిన కళ్ళు మూసుకుంది. డిక్టేషన్ చదివి వినిపించేటప్పుడు అలా మూసుకోవడం ఆవిడకి అలవాటు. "'మా ఆవిడ వినదక్కా. ఎదురుగా కూర్చుని ఏదో ఆలోచించుకుంటూ ఊ కొడుతుంది. పొద్దున అయిదింటినుంచి బస్సులో ఎక్కినవాడల్లా నన్ను అడిగేవాడే. ఇది ఎక్కడికి పోతుంది, ఎందుకు లేటు, ఎప్పుడు కదులుతుంది. ఇంటికొచ్చాక ఒక్క ప్రశ్న వెయ్యకుండా ఊ కొట్టే మనిషి ఉంటే ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలీదు. నేను చెప్పేది ఆవిడ వినాలనేం కాదక్కా. ఆ ఊ వినపడితే చాలు, ఆ రోజు డ్యూటీ దిగినట్టుంటుంది.'"

కత్తెరమ్మ గుమ్మం వదిలి కుర్చీ దగ్గరికి వచ్చింది.

"నేను ఊ అనేదాన్నా?" అంది.

"అన్నావో లేదో నాకేం తెలుసు, నేనక్కడ ఉన్నానా? వాడికి వినపడింది."

వదిన కళ్ళు తుడుచుకుని సంచిలోంచి డబ్బా పైకి తీసింది. దుప్పటి ముక్క విప్పింది. "బస్సు ఎలాగూ పోయింది. అమ్మ మొక్క రమ్మంటే రాదు. ఇది బజారుదైనా ప్రాణమున్నదే, దీన్నైనా సరిగ్గా చెయ్యి. నీకో కొమ్మ ఉంచుకో. వాడు చెప్పింది చెప్పినట్టు చెబుతాను. కత్తెర తెచ్చుకో."

కత్తెరమ్మ కత్తెర తెచ్చింది. ఇద్దరూ కిటికీ దగ్గర నేల మీద కూర్చున్నారు, డబ్బా మధ్యలో. వదిన మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి గొంతు కొంచెం మారింది, మాట మాటకీ మధ్య డ్రైవరు ఆగే చోటే ఆగుతోంది.

"'పువ్వు లేని కొమ్మ చూసుకోవాలి. జానెడు ఉంటే చాలు.'"

ఆమె వెతికి పట్టుకుంది.

"'కణుపుకి కింద కొయ్యాలి. తిన్నగా. ఏటవాలు కాదు.'"

కోసింది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి కోసిన కొమ్మతో పక్కకి వెళ్ళింది, అక్కడ బకెట్టు లేదు. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"'కింది ఆకులు తీసెయ్యాలి. తీసి, కాగితం మీద పెట్టి, ఇక దాన్ని మర్చిపోవాలి. ఎండ తగలకూడదు. రెండు రోజులు.'"

"ఊ" అంది కత్తెరమ్మ.

అనాలని అనలేదు. గొంతు దానంతట అదే అంది. పంతొమ్మిదేళ్ళ సాయంత్రాలు అన్నట్టే, పైకీ కాదు లోపలికీ కాదు, నోరు తెరవకుండా. ఆ చప్పుడు తన చెవిన పడి ఆమె ఉలిక్కిపడింది. తర్వాత ఏడుపు వచ్చింది. ఒక్కసారిగా, వాంతి వచ్చినట్టు వచ్చింది. కొమ్మ చేతిలో పట్టుకునే ముందుకి వంగిపోయింది.

వదిన కళ్ళు తెరిచి చూసింది. ఊరుకో అనలేదు. ఒక చెయ్యి ఆమె వీపు మీద పెట్టి, మళ్ళీ కళ్ళు మూసుకుని అందుకుంది.

"'వాడినట్టు కనిపిస్తుంది. కంగారు పడి నీళ్ళు పెట్టకూడదు.'"

"ఊ."

"'మూడో రోజున పొడి మట్టిలో గుచ్చి, ఒక్క గుక్కెడు పొయ్యాలి. మళ్ళీ వారం దాకా చూడకూడదు.'"

"ఊ."

వదినకి అలాంటివి ముప్ఫై ఏళ్ళ ఆదివారాలు గుర్తున్నాయి. ఆవిడ చెబుతూ పోయింది. కత్తెరమ్మ ఏడుస్తూనే ఊ కొడుతూ ఉంది.